ఓరుగంటినుండి కడలికి: సాతువారి బాట నిర్ణయము

నేడు వరంగల్లులోని ఎనుమాముల మార్కెట్టునుండి బయలుదేరు లారీలో ఒక్క వర్తకుని సరకే ఉండవలెనను నియమము లేదు. ముగ్గురు నలుగురు కలిసి ఒక బండిని మాటలాడుకొనుట కలదు. అప్పుడు ఎవరి ఊరు ముందు, ఎవరి ఊరు వెనుక? దగ్గరి దారిని పోవలెనా, సుంకపు గేట్లు తక్కువగా ఉన్న దారిని పోవలెనా? ఆలస్యమైనచో చెడిపోవు సరకు ఎవరిది? ఈ ప్రశ్నలను నేటి పెద్ద సంస్థలు కంప్యూటర్లకు అప్పగించుచున్నవి. ఒక లక్ష్యమును సాధింపబోయినచో మరియొకటి చెడును కనుక, అన్నిటిని ఒక్క త్రాసులో నిలుపుటకై గణితశాస్త్రమున ఒక శాఖయే ఏర్పడినది. గణితము కొత్తదే కాని చిక్కు చాల పాతది. కాకతీయుల ఓరుగల్లునుండి సముద్రతీరమునకు ఎడ్లపై సరకు తోలుకొనిపోయిన వర్తకులకు ఇదే చిక్కు ఎదురయ్యెను. దానిని విప్పుకొనుటకు ఆనాడు ఏ కట్టుబాట్లు ఉండెనో, అందు ఎవరి మాట చెల్లినదో, ఎవరి మాట చెల్లలేదో నేటి ప్రసంగమున పరిశీలింతము.

ఒంటరిగా పోరాని దారిని పదిమంది కలిసి పోవునపుడు దానిని తెనుగున సాతు అనిరి. సంస్కృతమునందలి సార్థ శబ్దమే సాతు అయినది. బిడారు అనుటయు కలదు. సాతునకు పెద్ద సార్థవాహుడు. ఈ మాటలు మన కావ్యములలో అలంకారములుగా మిగిలినవి గాని, ఒకప్పుడు అవి అంగడిలోని మాటలు.

ఓరుగల్లు సముద్రమునకు దూరమైన నగరము. గణపతిదేవుడు 1199 మొదలు 1262 వరకు ఏలెను. ఆయన కాలముననే తీరాంధ్రము కాకతీయుల చేతికి వచ్చి, నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి ఆ రాజ్యమునకు ప్రధానమైన రేవయ్యెను. రుద్రమదేవి యేలుబడి తరువాత కొలదికాలమునకే ఈ దేశమును గూర్చి వ్రాసిన వెనీసు యాత్రికుడు మార్కోపోలో, మోటుపల్లి పేరునే దేశము పేరుగా చెప్పెను. ఇచ్చటి వజ్రములను, సాలెగూటివలె సన్నని వస్త్రములను అతడు మెచ్చుకొనెను. ఇక ఓరుగంటి అంగడి విషయమునకు వచ్చినచో, వరంగల్లులో ఖాన్‌సాహెబు తోటయని పిలువబడు చోటి శాసనము, తిండిగింజలు మొదలు సుగంధద్రవ్యముల వరకు అచ్చట అమ్ముడుపోవు సరకుల పట్టికను వర్తకులు విధించుకొన్న రుసుములతో సహా మనకు అందించినది. ఒక కొనను ఈ అంగడి, మరియొక కొనను ఆ రేవు. నడుమ ఉన్నది బాట.

పటముపై గీత గీచి కొలిచినచో ఓరుగల్లునుండి మోటుపల్లికి సుమారు 260 కిలోమీటర్లు. ఆ గీత ఇంచుమించు ముక్త్యాల పరిసరములందు కృష్ణను దాటును. కాని గీతను పట్టుకొని నడచు ఎద్దు లేదు. నదికి ఎగువకు జరిగినచో మూసీ వచ్చి కృష్ణలో కలియు వాడపల్లి వైపు, దిగువకు జరిగినచో బెజవాడ వైపు దాటవలెను. ఏ రేవున దాటినను కేవు చెల్లింపవలెను, పుట్టిలో సరకు ఎక్కించి దింపవలెను, ఎడ్లను ఈదింపవలెను. వానకాలమున కృష్ణ పొంగినపుడు రేవు మూతపడును. అవతలి గట్టున రేగడి నేలలు. రెండు వానలు కురిసినచో రేగడిలో బండి చక్రము ఇరుసు వరకు దిగును. ఇవతల తెలంగాణపు చల్కా నేలలు వానకు గట్టిగానే ఉండును గాని, ఎండకాలమున నీటి కరవు. ఇచ్చట చెరువులే బాటకు దిక్కు. 1213లో నిర్మింపబడిన రామప్ప గుడి ప్రక్కనున్న చెరువు, పాకాల చెరువు మున్నగునవి పైరుల కొరకు త్రవ్వించినవే. అయినను వేసవిలో వేయి ఎడ్ల మందకు ఒక్క పూట నీరు పెట్టవలెనన్నచో అట్టి చెరువు తప్ప వేరొకటి చాలదు. కావున ఎండలలో బాట చెరువునుండి చెరువునకు వంకర తిరుగక తప్పదు.

ఇంతవరకు భూగోళము. ఈ లెక్కను మొదట శాస్త్రముగా వ్రాసి పెట్టినది కౌటిల్యుడు. 1909లో మైసూరున శామశాస్త్రిగారు అర్థశాస్త్రమును అచ్చువేయించువరకు ఆ గ్రంథము లోకమునకు దాదాపు మరుగుపడియుండెను. పరదేశమునకు సరకు పంపునపుడు లాభము చూచుకొనుటకు ముందు ఏమేమి తీసివేయవలెనో ఆయన వరుసగా చెప్పెను: శుల్కము, అనగా సుంకము, వర్తని, అనగా బాట పన్ను, ఆతివాహికము, అనగా వెంట వచ్చు కావలివారి కూలి, ఠాణాలకిచ్చునది, రేవునకిచ్చునది, మనుష్యులకు పశువులకు తిండి, పరరాజునకు చెందు భాగము. ఇవన్నియు పోను మిగిలినదే ఆదాయము. అడవి కాచువారితోను, పొలిమేర కాచువారితోను, పురముఖ్యులతోను స్నేహముగా నుండుమని కూడ హెచ్చరించెను. దారుల తారతమ్యమును గూర్చి చర్చించుచు, జలమార్గము చౌకయైనదని తన పూర్వాచార్యులు చెప్పిన మాటను కౌటిల్యుడు అంగీకరింపలేదు. అది అడ్డంకులు గలది, అన్ని కాలములకు పనికిరానిది, అపాయకరమైనది, కావున భూమార్గమే మేలని ఆయన తీర్పు. హిమాలయమునకు పోవు దారి కంటె దక్షిణమునకు పోవు దారి మేలు. శంఖములు, వజ్రములు, మణులు, ముత్యములు, బంగారము ఇటనే మెండు. కాలిబాట కంటె బండిబాట మేలు. గాడిదలకు ఒంటెలకు అనువైన బాట ఏ దేశమునను ఏ కాలమునను పనికివచ్చును. ఖర్చు, అపాయము, ఋతువు, సరకు విలువ అను నాలుగింటిని ఆయన ఒక్కచో చేర్చి తూచెను.

అట్లు తూచుచునే కౌటిల్యుడు మరియొక చిన్న మాట అనెను: ఆపద వచ్చినపుడు విలువైన సరకునైనను, తన్నైనను కాపాడుకొనవలెను. ఆ సరకంతయు రాజుదే అయినపుడు ఈ సలహాలో చిక్కు లేదు. ముత్యముల మూట దక్కినది, జొన్నల బస్తాలు పోయినవి. మొత్తముమీద నష్టము తగ్గినది. కాని సాతులో ముత్యములు ఒకనివి, జొన్నలు మరియొకనివి. దొంగలు పడిన రాత్రి కావలివారందరు ముత్యముల చుట్టు నిలిచి జొన్నలను వదలివేసినచో, జొన్నల వర్తకునికి మరునాడు ఎవరు సమాధానము చెప్పవలెను? కలిసి నడచువారి బాట నిర్ణయమునందు అసలైన ముడి ఇదియే. దూరమును కొలువవచ్చును, సుంకమును లెక్కింపవచ్చును. ఒకని మేలు కొరకు మరియొకడు భరించు నష్టమును ఏ కొలమానముతో కొలుచుట?

ఈ ప్రశ్నకు మన ధర్మశాస్త్రములు ఇచ్చిన జవాబు సంభూయసముత్థానమను వ్యవహారపదము. పేరు బరువైనదే గాని భావము తేలిక: కలిసి మొదలుపెట్టిన పని. యాజ్ఞవల్క్యస్మృతిలో దీనికి కొలది శ్లోకములే ఉన్నవి గాని, ఇమిడియున్న విషయము చాల గట్టిది. లాభముకొరకు కలిసి పనిచేయు వర్తకులకు లాభనష్టములు రెండును పెట్టుబడిని బట్టి గాని, ముందు చేసికొన్న ఒప్పందమును బట్టి గాని పంచబడును. తక్కినవారు వద్దన్న పనిని చేసినవాడు, చెప్పని పనిని చేసినవాడు, ఏమరుపాటున సరకు పోగొట్టినవాడు ఆ నష్టమును తానే పూడ్చవలెను. ఉపద్రవమునుండి సరకును కాపాడినవానికి అందులో పదియవ వంతు. మోసగానిని లాభమీయక వెలివేయవలెను. స్వయముగా పోలేనివాడు మరియొకనిచే తన పని చేయింపవచ్చును. పరదేశమున ఒకడు మరణించినచో అతని ద్రవ్యము వారసులకు గాని, బంధువులకు గాని, తోడి వర్తకులకు గాని చెందును. ఎవరును లేకున్నచో రాజునకు.

ఇందలి నేర్పు గమనింపదగినది. ఏ బాట మంచిదో స్మృతి చెప్పలేదు. దానిని బాట తెలిసినవారికి వదలినది. వద్దన్న దారిని పట్టినవాడు నష్టము భరించుననియు, కాపాడినవానికి పదియవ వంతు వచ్చుననియు ముందే తెలిసినచో, బాటను గూర్చిన జగడము సగము అక్కడనే తీరును. జొన్నల వర్తకుడును ముత్యముల వర్తకుడును నిజముగా పెట్టుబడి కలిపినవారైనచో, జొన్నలు పోయిన నష్టములో ముత్యములవాడు తన వంతు మోయవలెను. పెట్టుబడి కలుపక కేవలము వెంట నడచినవారైనచో ఈ న్యాయము వర్తింపదు. తోడు నడచుటకును పొత్తు కలియుటకును గల ఈ భేదమును నేటి ఉమ్మడి రవాణా ఒప్పందములు వ్రాయువారు కూడ మరువరాదని మా అభిప్రాయము.

ఇది సంస్కృతమున దాగియున్న విద్య మాత్రమే కాదు. యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్య వ్రాసిన విజ్ఞానేశ్వరుడు కల్యాణి చాళుక్యుల ఆస్థానమువాడు. ఓరుగంటి కాకతీయులు మొదట ఆ చాళుక్యులకే సామంతులు. 13వ శతాబ్దిలో తిక్కన శిష్యవర్గమువాడైన కేతన విజ్ఞానేశ్వరమను పేర దీనిని తెనుగున పద్యములుగా రచించెను. మోటుపల్లి వర్ధిల్లిన శతాబ్దమే అది. వ్యవహారధర్మము దేశభాషలో కావలసివచ్చినదన్నచో, దానితో పనిపడినవారు సంస్కృత పండితులకు వెలుపల కూడ ఉండిరనుట స్పష్టము.

వర్తకుల సంఘములు శాసనములలో పలు పేర్లతో కనిపించును. నకరము ఒకటి, పెక్కండ్రు మరియొకటి. అయ్యావళి ఐనూర్వురు దక్షిణదేశమంతట వ్యాపించిన మహాసంఘము. స్వదేశి, పరదేశి, నానాదేశి అను విభాగములు కలవు. తమ ధర్మము వీరబణంజు ధర్మమని వారు చెప్పుకొనిరి. వీర అనుమాట ఊరక చేరినది కాదు. తమ సాతులకు తామే ఆయుధధారులను నియమించుకొనిరి. అమ్మిన సరకుపై గుడికి ఇంత అని మగమ చెల్లింతుమని కలిసి నిర్ణయించుకొని రాతిపై చెక్కించిరి. దీనిని భక్తియని మాత్రమే తలచుట చాలదు. అందరిపై సమముగా పడు రుసుమును అందరు కలిసి ఒప్పుకొనుట సంఘమునకు సాధన వంటిది. రుసుము విషయమున ఏకమైనవారు బాట విషయమునను ఏకము కాగలరు.

ఈ త్రాసులో రాజు ఎచ్చట నిలిచెను? రాజునకు రెండు కోరికలు. సుంకము ఎక్కువ రావలెను. సరకు కూడ ఎక్కువ రావలెను. మొదటిదానిని బిగించినచో రెండవది జారిపోవును. వర్తకుడు మరియొక రేవును, మరియొక కనుమను వెదకుకొనును. సుంకపు ఠాణాను తప్పించుకొని పోవువానికిని, సరకు కొలత తప్పు చెప్పువానికిని ఎనిమిది రెట్లు దండుగ యని స్మృతి విధించినది. అట్లు తప్పించుకొనువారు ఉండుటచేతనే గదా శిక్ష పుట్టినది! గణపతిదేవుడు ఈ సమస్యను వేరొక విధముగా పట్టుకొనెను. శకవర్షము 1166న, అనగా 1244–45లో, ఆయన మోటుపల్లిలో వేయించిన అభయశాసనము మన చరిత్రలో సుప్రసిద్ధము. తుపానునకు చిక్కి ఒడ్డున పడిన ఓడలలోని సరకును పూర్వపు రాజులు బలాత్కారముగా లాగికొనుచుండిరి. ధనము ప్రాణముకంటెను గొప్పదని తలచి సముద్రమునకు తెగించినవారినుండి తాము నిర్ణీతమైన సుంకమును మాత్రమే తీసికొని తక్కినదంతయు వదలుచున్నామని గణపతిదేవుడు అందు ప్రకటించెను. ఎగుమతి దిగుమతులపై సుంకము 30కి 1. చందనము, కర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, రాగి, పగడములు, పట్టు, మిరియములు, పోకలు మున్నగువానికి వేర్వేరు రేట్లు కూడ అందు చెక్కబడినవి.

యాజ్ఞవల్క్యుడు సరకు వెలలో 20వ వంతు సుంకమును రాజునకు అనుమతించెను. శాస్త్రము ఇచ్చిన హక్కులో మూడింట రెండు వంతులతోనే గణపతిదేవుడు తృప్తిపడెను. ఇది దయయే కావచ్చును. శాసనము అట్లే చెప్పుచున్నది. అయితే రేటును రాతిపై చెక్కించుట దయకు మించిన పని. ఓరుగంటినుండి ఎడ్లు కదలకముందే రేవున ఎంత చెల్లింపవలెనో తెలిసినచో, సాతువారి లెక్కలో ఒక అంకె స్థిరపడినది. తక్కిన అంకెలు వాన చేతిలోను, నది చేతిలోను, దొంగల చేతిలోను ఉన్నవి. రాజు చేతిలోనిదైనను కదలకుండ నిలిచినచో వర్తకునకు అది పెద్ద మేలు. కాకతీయ రాజ్యము 1323లో కూలినది. తరువాత 1358లో కొండవీటి అనవోతారెడ్డి అదే మోటుపల్లిలో సంస్కృతమునను, తెనుగునను, తమిళమునను మరియొక ధర్మశాసనము వేయించెను. సంతులేక చనిపోయినవారి సొమ్మును రాజు తీసికొను ఆచారమును అందు రద్దుచేసెను. దేశాంతరమున మరణించు వర్తకుని సొమ్మును గూర్చి స్మృతి ఎందుకు అంత శ్రద్ధ వహించెనో ఇచ్చట మనకు తెలియును. పోయినచోట పోయినచో ఇంటివారికి ఏమి మిగులును అనునదియు బాట లెక్కలోనిదే.

ఇప్పటివరకు చెప్పినదంతయు సరకు గలవారి మాట. ఎడ్లు తోలినవారి మాట ఏమి? మూటలు వేసి నడపు ఎద్దును పెరిక ఎద్దు అనిరి. బండి ఎక్కువ మోయును గాని దారి కోరును. పెరిక ఎద్దు తక్కువ మోయును గాని కొండ కనుమలోను, చెరువు గట్టుపైనను నడచును. దానికి మేత ఖర్చు లేదు. దారి ప్రక్క పచ్చిక చాలును. కూలి చౌకయగుటకు కారణము ఇదియే, నడక నెమ్మదియగుటకు కారణమును ఇదియే. కోతల వేళ వర్తకుడు తొందరపడును, ఎద్దు పచ్చికవైపు లాగును, రైతు తన చేనివైపు ఎద్దు రాకూడదని కర్ర పట్టుకొని నిలుచును. ఈ మూడింటి నడుమ దారి తీయువాడు తోలుడుకాడు.

వీరిని గూర్చి వివరముగా వ్రాసినవారు 17వ శతాబ్దపు విదేశీయులు. అప్పటికి ఓరుగంటి ప్రాభవము గోలకొండకును, మోటుపల్లి ప్రాభవము మచిలీపట్టణమునకును పోయినది. గోలకొండనుండి మచిలీపట్టణమునకు పోవు దారిలో కొండలు, చెరువులు, నదులు, ఇరుకు కనుమలు ఉండుటచే బండ్లు నడువవనియు, ఎడ్లును తట్టువులునే సరకు మోయుననియు ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే వ్రాసెను. వజ్రపు గనులకు ఒక చిన్న బండిని తీసికొనిపోయి, గడ్డుచోటులందు దానిని విప్పి మరల బిగించుకొనవలసివచ్చెనట! ఉత్తరదేశమున 1632లో పీటర్ మండీ యను ఆంగ్లేయునకు ఎదురైన ఒక తాండాలో ధాన్యము మోయు ఎడ్లు 14,000. అట్టి తాండా దినమునకు ఆరేడు మైళ్లకు మించి నడువదు. ఆ లెక్కన ఓరుగంటినుండి మోటుపల్లికి సూటి దారినైనను ఇంచుమించు నెల పట్టును.

ఈ సంచారవర్తకులలో నాలుగు తెగలు కలవనియు, ధాన్యము, బియ్యము, పప్పు, ఉప్పు అను నాలుగింటిలో ఒక్కొక్క తెగ ఒక్కొక్కదానినే మోయుననియు టావెర్నియే చెప్పెను. ఇరుకు దారిలో రెండు తాండాలు ఎదురైనచో ఎవరు తొలగవలెను? తొలగుట అవమానమని నెత్తురు చిందునంతగా పోరాడిరట. ఈ కలహములవలన దేశమునకు తిండి అందుట చెడుచున్నదని మొగలు చక్రవర్తి ఇద్దరు నాయకులను పిలిపించి, ఇకపై సామరస్యముతో నుండుడని చెప్పి, ఒక్కొక్కనికి లక్ష రూపాయలును ముత్యాలహారమును బహూకరించెనట. శిక్షించుట కంటె ఇదియే చౌకయని చక్రవర్తి లెక్క వేసికొనియుండవచ్చును. ఎట్లున్నను, తోలుడుకాండ్ర పోరు ఢిల్లీ సింహాసనము చెవిని పడినది.

తెలంగాణలో ఈ పని లంబాడీలది. తీరమునందు ఎరుకలవారు కూడ ఎడ్లపైనను గాడిదలపైనను ఉప్పు వేసికొని లోనాడునకు పోయి, ధాన్యము వేసికొని మరలుచుండిరి. పోవునపుడు ఉప్పు, వచ్చునపుడు గింజలు. ఏ వైపునను ఎద్దు వట్టిగా నడువదు. వట్టి బండిని నడుపుట ఎంత దండుగయో నేటి లారీ యజమానులకు చెప్పనక్కరలేదు. 1805లో మద్రాసు ప్రభుత్వము ఉప్పుపై గుత్తాధికారము స్థాపించుటతో ఈ వర్తకమునకు మొదటి దెబ్బ తగిలెను. రెండవది రైలు. 1883లో హైదరాబాదున చాందా రైల్వే ప్రయత్నము పైకి వచ్చినపుడు లండను పెట్టుబడిదారులకు 20 యేండ్లు నూటికి 5 వంతున వడ్డీకి నిజాము ప్రభుత్వము పూచీ పడవలసియుండెను. షరతులను ప్రజలకు తెలుపవలెనని ముల్లా అబ్దుల్ ఖయ్యూం, అఘోరనాథ చట్టోపాధ్యాయులు ఆందోళన సాగించిరి. అఘోరనాథుని రాజ్యమునుండి వెడలగొట్టిరి. 1886లో రైలు వరంగల్లు చేరెను. 1889లో బెజవాడ చేరెను. ఆ బాటను నిర్ణయించిన త్రాసులో బొగ్గు ఉండెను, వడ్డీ ఉండెను. పెరిక ఎద్దునకు అందు చోటు లేదు. ముప్పది దినముల దారి ఒకటి రెండు దినములదయ్యెను. మేలు పొందినవారు చాలమంది. రైతు పత్తి, వేరుసెనగ దూరపు విపణులకు పోగలిగెను. రైలు రాకుండవలసినదని మేము చెప్పము. కాని సంభూయసముత్థానమున నష్టమును పంచుకొను నియమమొకటి ఉండెను. రైలు నష్టమును పంచుటకు అట్టి నియమమేదియు వ్రాయబడలేదు.

బాటను కోల్పోయినవారిని ప్రభుత్వము బాటపై తిరుగు అనుమానితులుగా చూచుట మొదలుపెట్టెను. 1871లో ఉత్తరదేశము కొరకు చేసిన నేరస్థజాతుల చట్టము 1911లో మద్రాసు రాజధానికి కూడ విస్తరించినది. ఎరుకలవారు అందు చేర్పబడిరి. కొలది యేండ్లకే బాపట్ల, చీరాలల నడుమ, మోటుపల్లి ఉన్న ఆ తీరముననే, సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో స్టువర్టుపురము సెటిల్మెంటు వెలసెను. సెటిల్మెంటులోనివారు హాజరు చెప్పవలెను. పొలిమేర దాటవలెనన్నచో పాసు చీటీ తీసికొనవలెను. ఆ చట్టము 1952లో రద్దయ్యెను.